అటక మీద మిగిలిన సాక్ష్యం

"ఎవరూ బల్ల ముట్టుకోకండి. దగ్గొచ్చినా సరే, బయటికెళ్ళి దగ్గి రండి!"

డిస్కుల డాక్టరమ్మ అంత మాట అన్నాక ఆ గదిలో గట్టిగా ఊపిరి తీసుకోవడానికి కూడా పిన్నికి మొహమాటం వేసింది. చీర కొంగు నడుముకి బిగించి, గోడకి ఆనుకుని, గోడలో గోడై నిలబడింది.

పిన్ని అంటే ఒకరికి పిన్ని కాదు, ఊరందరికీ పిన్నే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరి గొంతులన్నీ విన్న మనిషి. ఆ ఉద్యోగం మానేశాక ఇంటి ముందు డిటెక్టివ్ అని బోర్డు కట్టింది. చూసినవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళే తర్వాత్తర్వాత పని పడి గుమ్మమెక్కారు. మనిషి అబద్ధం ఆడేటప్పుడు గొంతు ఒకచోట సన్నబడుతుందట. ఆ చోటు పిన్ని చెవికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఇక డాక్టరమ్మ. ఈవిడ చూసేది మనుషుల్ని కాదు, కంప్యూటర్లలో ఉండే డిస్కుల్ని. పెద్ద చదువు చదివిన ఇంజనీరు. తెల్లకోటు వేసుకుంటుంది, మెడలో నిజం స్టెతస్కోపు వేలాడేసుకుంటుంది. పనిలో ఎంత గట్టిదో పొగడ్తకి అంత లొంగుతుంది. ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడకపోగా, "ఆపకండి, ఇంకాస్త మెచ్చుకోండి, చెయ్యి బాగా ఆడుతుంది" అంటుంది.

ఆ స్టెతస్కోపు ఇప్పుడు బల్ల మీద, అరచేతిలో పట్టే ఓ ఇనప పెట్టె మీద ఆనించి ఉంది.

"కొట్టుకుంటోంది," అంది డాక్టరమ్మ. "నిన్న టక్, టక్ అని తలకాయ గోడకేసి కొట్టుకున్నట్టు కొట్టుకుంది. ఇవాళ సన్నగా మూలుగుతోంది. మూలుగు మంచిదే పిన్నీ. మూలిగేవాడు బతికున్నట్టు."

"బతుకుతాడా డాక్టరమ్మా?" అడిగింది పిన్ని కాదు. మూల స్టూలు మీద ముడుచుకుని కూర్చున్న లిఫ్టు మేస్త్రీ అక్క. కేసు ఆమెదే.

కేసు చూడబోతే చిన్నది, లోతు మాత్రం బావంత. ఆరంతస్తుల ఆఫీసు మేడలో రెండు పాతకాలపు లిఫ్టులున్నాయి. ఈమె తమ్ముడు ఒక సాయంత్రం రెంటికీ బ్రేకులు సరిచూసి, బిగించి ఇంటికెళ్ళాడు. ఆ మర్నాడు వాచ్‌మన్ ఎక్కిన మొదటి లిఫ్టు పట్టు తప్పింది. కింద పడలేదు, పైకి దూసుకుపోయి కప్పుకి గుద్దుకుంది. లిఫ్టుకి అవతల వైపు వేలాడే బరువు, లోపల ఒకరిద్దరు మనుషులున్న లిఫ్టు కంటే కూడా ఎక్కువే ఉంటుంది. బ్రేకు పట్టి ఉంచకపోతే ఆ బరువు కిందికి, మనిషి పైకి. వాచ్‌మన్ ఇంకా ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు. ఆ రోజు నుంచి రెండు లిఫ్టులూ ఆపేసి ఉన్నాయి. బ్రేకు బోల్టు వదులుగా దొరికింది. ఇంకేం, ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు నేరమంతా మేస్త్రీ మీద పడింది. బీమా కంపెనీ రిపోర్టు ఈ సాయంత్రం వెళ్ళిపోతుంది. అది వెళ్తే అతను జైలుకి.

లిఫ్టు మోటార్లుండే పైగదిలో కెమెరా ఒకటుంది. అది తీసిన వీడియోలు కింద ఆఫీసు కంప్యూటర్లో చేరతాయి. ఆ కంప్యూటర్ డిస్కే ఇది, ఇప్పుడు బల్ల మీద మూలుగుతున్నది. ఇక పనికిరాదని అందరూ వదిలేస్తే పిన్ని అడిగి తెచ్చింది.

"బతికించడం నా పని కాదమ్మా," అంది డాక్టరమ్మ ఆమెతో, మెత్తగానే. "పోయేలోపు దీని కడుపులో ఉన్నది తోడుకోవడం నా పని. లోపల అద్దాల్లాంటి పళ్ళేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటికి వెంట్రుకవాసి ఎత్తున సూదిలాంటిది ఒకటి కదులుతూ చదువుకుపోతుంది. ఆ సూది విరిగింది. అచ్చం ఇలాంటి డిస్కే ఇంకోటి వెతికి, దాని సూది తీసి దీనికి పెట్టాను. అరువు ప్రాణం. ఎంతసేపుంటుందో చెప్పలేను."

"మరి ఆలస్యమెందుకు? తెరిచి ఆ వీడియో ఒక్కటీ చూసెయ్యకూడదూ?" అంది పిన్ని.

"అమ్మమ్మా! కొనప్రాణంతో ఉన్నవాడిని కూర్చోబెట్టి కబుర్లడుగుతారా? ముందు దీన్ని మొదట్నించి చివరిదాకా పక్కనున్న మంచి డిస్కులోకి నకలు దించుకుంటాను. సులువుగా వచ్చేవి ముందు. మొండికేసిన చోట ఆగను, వదిలేసి ముందుకెళ్తాను. అంతా అయ్యాక ఇంకా ప్రాణముంటే, వెనక్కొచ్చి మొండివాటిని ఒక్కోదాన్నే బతిమాలుకుంటాను. దీని మీద మాత్రం ఒక్క అక్షరం కూడా రాయను. వెతుకులాటంతా నకల్లోనే."

పిన్నికి ఆ పద్ధతి ఎంతగానో నచ్చింది. ఇల్లంటుకున్నప్పుడు తెలివైన ఆడది ఇలాగే చేస్తుంది. గుమ్మం దగ్గరున్న పిల్లల్ని ముందు బయటికి చేరుస్తుంది, మంచం కింద దాక్కున్నవాడి కోసం మళ్ళీ వెళ్తుంది. కంగారుపడి ముందే మంచం కింద దూరితే అందరూ పోతారు. "చెయ్యంటే నీదే తల్లీ," అంది మనసారా.

"ఆపకండి," అంది డాక్టరమ్మ కళ్ళు తిప్పకుండానే. అని, వేలితో డిస్కు మూత మీద ఓ చోట చూపించింది. "ఇది కూడా చూడండి. సొట్ట. అంచు గుండ్రంగా ఉంది. పళ్ళేలు తిరుగుతుండగా తగిలిన దెబ్బ ఇది. ముసలితనంతో పోయే డిస్కుల్ని రోజూ చూస్తాను పిన్నీ. ఇది అలా పోలేదు. దీన్నెవరో కొట్టి చంపారు."

స్టూలు మీది అక్క లేచి నిలబడింది. "మా వాడి చేతి పని మీద మాట పడిందగ్గర్నుంచి వాడు ఇంట్లో ఎవరి మొహమూ చూడట్లేదండీ. బోల్టు బిగించాక దాని మీద అరచెయ్యి ఆనించి ఓసారి కళ్ళు మూసుకుంటాడు మా తమ్ముడు. చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. అలాంటివాడు వదులుగా వదిలేసి వస్తాడా?"

"రాడమ్మా. నువ్వు ఇక్కడే ఉండు. నేను ఆ గుండ్రటి అంచు ఎక్కడుందో చూసొస్తాను," అని పిన్ని చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

*

మేడ కింది ఆఫీసు గదిలో, ఆ మేడని చూసుకునే మేనేజరు కంటే ముందు కోటు కనిపించాడు. ఎండైనా వానైనా కోటు విప్పడు గనక ఆ పేరు. బీమా కంపెనీ తరఫున ప్రమాదాల గుట్టు లాగే మనిషి. పిన్ని పట్టిన కేసులన్నిట్లోనూ అవతలి కుర్చీ ఆయనదే. కుడి మోకాలు అరిగిపోయింది, అందుకని ఎక్కడ కూర్చున్నా ఆ కాలికి వేరే కుర్చీ కావాలి. ఇప్పుడూ రెండు కుర్చీలు ఏలుతున్నాడు.

"రండి పిన్నిగారూ! చచ్చిన డిస్కుకి సెలైన్ ఎక్కిస్తున్నారటగా?"

"సెలైన్ కాదు కోటుబాబూ, సూది మార్చారు. మీ మోకాలు సంగతి కూడా కనుక్కోనా?"

"ముందు మీ మేస్త్రీకి మంచి వకీల్ని కనుక్కోండి."

మేనేజరు నవ్వలేదు, నవ్వినట్టు పెదాలు కదిపాడు. ఇస్త్రీ చొక్కా, జేబులోంచి తొంగి చూసే గళ్ళ రుమాలు, నూనె పెట్టి దువ్విన తల. కూర్చోమని ఆయన అనకముందే పిన్ని కూర్చుంది.

"కంప్యూటర్ ఎప్పట్నుంచి బాగాలేదు నాయనా?"

"నెల్రోజుల్నుంచీ టక్ టక్ మంటూనే ఉందండీ. ప్రమాదం జరిగిన మర్నాడు పొద్దున అసలు తెరుచుకోనే లేదు. కాపాడుకుందామని ఫోన్లో వీడియో చూసుకుంటూ నేనే సిస్టం కొత్తగా ఎక్కించాను. పాతవన్నీ పోయాయి. ఏం చేస్తామండీ, మన చేతుల్లో ఏముంది!"

నెల్రోజులు అన్న చోట గొంతు సన్నబడింది. పిన్ని చెవి కొసలు వేడెక్కాయి.

"పాపం, ఎంత శ్రమపడ్డావో. మధ్యలో ఆగి ఆగి ఎక్కిందా?"

"లేదండీ," అన్నాడు మేనేజరు, కాస్త గర్వంగా. "మొదటిసారికే జామ్మని ఎక్కింది. తెర మీద కొండల బొమ్మ కూడా పెట్టాను."

"ఆ కొండలు నేనూ చూశాను," అన్నాడు కోటు. "ఆ మధ్యాహ్నం మా ఆఫీసుకి ఫొటోలు పంపింది దాని మీంచే. గుర్రంలా పరిగెత్తింది. టకటకా లేదు, ఏమీ..."

అని, తన మాట తన చెవికే తగిలినట్టు ఆగిపోయాడు.

పిన్ని ఫోన్ తీసి డాక్టరమ్మకి కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది. "డాక్టరమ్మా, టక్ టక్ మని కొట్టుకునే డిస్కు మీద కొత్త సిస్టం ఎక్కించొచ్చా?"

అవతల డాక్టరమ్మ నవ్వు గదంతా పరుచుకుంది. "కాలు విరిగినవాడి నెత్తిన కొత్తింటికి బీరువా మోయిస్తారా పిన్నీ? నాలుగడుగులెయ్యకుండానే చతికిలబడతాడు. సిస్టం జామ్మని ఎక్కిందంటే అప్పటికి డిస్కు దుక్కలా ఉన్నట్టే. దెబ్బ ఆ తర్వాతదే."

పిన్ని ఫోన్ మూసింది. మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. గళ్ళ రుమాలు మళ్ళీ జేబులోకి పోలేదు, చేతిలోనే నలిగింది.

"మధ్యాహ్నం గుర్రం, మర్నాటికి కుంటి గాడిద. ఈ మధ్యలో ఏం జరిగింది? ఎవరైనా ఏమైనా అన్నారా?"

 జవాబు చెప్పింది కోటు. కుర్చీ మీంచి కాలు దించి, నేల వంక చూస్తూ అన్నాడు.

"నేనే అన్నాను పిన్నిగారూ. వెళ్తూ వెళ్తూ ఈయనతో, సిస్టం మార్చినంత మాత్రాన పాతవి పూర్తిగా పోవులెండి, మా కంపెనీ నుంచి తెలిసినవాళ్ళని పంపిస్తాను అన్నాను. తెలివితక్కువ పని."

శత్రువు ఎదుట తన తప్పు తనే తెచ్చి బల్ల మీద పెట్టడానికి గుండె కావాలి. ఇన్నాళ్ళూ ఈయనతో గొడవపడుతూ వచ్చిన పిన్నికి, గొడవపడదగ్గ మనిషితోనే పడ్డానని ఆ క్షణాన సంతోషం కలిగింది. ఆ సంతోషం పైకి కనపడనివ్వలేదనుకోండి.

లేచి గది చూసింది. కంప్యూటర్ పెట్టె బల్ల కింద చెక్క గూట్లో, నాలుగు వైపులా బిగించి ఉంది. దొర్లిపడే వీల్లేదు. గూటి నిండా దుమ్ము, పెట్టె నిండా దుమ్ము. పక్క మూత మరల తలలు మాత్రం తళతళ మెరుస్తున్నాయి. ఈ మధ్యే ఎవరో తిప్పినట్టు. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పాతకాలపు ఇనప తూనిక గుండు ఒకటుంది. పిన్ని దాన్ని ఎత్తి అడుగు చూసింది. గుండ్రటి అంచు. అంచుకి అంటిన వెండి రంగు పొడి.

"ఇది నా సంచీలో వేసుకుంటున్నాను కోటుబాబూ, మీరు సాక్షి."

"వేసుకోండి. డిస్కుని ఈయనే కొట్టాడనుకుందాం. సరే. భయపడి కొట్టి ఉండొచ్చు, బుర్ర లేక కొట్టి ఉండొచ్చు. బ్రేకు వదులుగా ఉండడం మాత్రం నా కళ్ళతో చూశాను. అది ముట్టుకున్నది మేస్త్రీ ఒక్కడే. నా రిపోర్టు మారదు."

"ఈయన జెనరేటర్ డీజిల్ డబ్బాల్లో పట్టుకెళ్తుంటే వాచ్‌మన్ చూశాడని, ఓనరు రాగానే చెప్తానన్నాడని మేస్త్రీ అక్క చెప్పింది. అది వినలేదా?"

"విన్నాను. చెప్పేవాడు ఆస్పత్రిలో ఉన్నాడు, సాక్ష్యం లేదు."

"అబద్ధమండీ అది!" అన్నాడు మేనేజరు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరు ఘనాపాఠీలు తగువులో పడితే పక్కవాళ్ళు కనపడరు.

"మీరు మేస్త్రీ చెయ్యి ఎప్పుడైనా చూశారా?" పిన్ని గొంతు పెంచింది. "పైగది తాళం మీది, దాని మీద సీలు మీది. ఆ పూటే, ఆ చేత్తోనే అతను రెండో లిఫ్టు బ్రేకు కూడా బిగించాడు. దాన్నెవరైనా చూశారా? పిలవండి అతన్ని. వెంటబెట్టుకుని పైకెళ్ళి చూడండి. ఆ బోల్టు రాయిలా ఉంటే మీ రిపోర్టు చింపెయ్యాలి."

"వదులుగా ఉంటే?"

"నా బోర్డు దింపేస్తాను!"

"మాట మీద ఉంటారా?"

"మీ కోటు మీద ఒట్టు!"

"నేను ఫోన్ చేసి పిలుస్తాలెండి మేస్త్రీని. మెయిన్ స్విచ్చి కూడా వేయిస్తాను," అన్నాడు మేనేజరు.

మామూలప్పుడైతే పిన్ని ఆ గొంతు వినేది. తగువు వేడిలో ఉంది, ఎదురుగా కోటు మొహం ఎర్రబడిన ఆనందంలో ఉంది. వినలేదు.

*

తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ గదిలో చప్పుడు మారింది. డిస్కు మూలుగు ఆగింది. స్టెతస్కోపు తీసి పక్కన పెట్టేసి ఉంది.

"పోయింది," అంది డాక్టరమ్మ.

పిన్ని బల్ల మీదికి వంగింది. "అయ్యో!"

"అది పోయింది పిన్నీ, నకలు దిగింది. చివరాఖరి మొండిముక్క దాకా బతిమాలి తీసుకున్నాను. అది కూడా ఇచ్చేసి అప్పుడు కన్నుమూసింది. చింత చచ్చినా పులుపు చావలేదు." ఆమె కళ్ళ కింద నలుపు చేరింది గాని కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి. "ఇంకో సంగతి వింటే నవ్వుతారు. మీ మేనేజరు సిస్టం కొత్తగా ఎక్కించేశాను, పాతవి పోయాయి అనుకున్నాడు. ఇల్లు అలకగానే పండగ అవుతుందా? డిస్కుని శుభ్రంగా తుడిచి మొదలెట్టాలి. ఆయన తుడవలేదు. ఫోన్లో చూస్తూ సరే, సరే అని నొక్కుకుంటూ పోయాడు. అలా పోతే ఆ సిస్టం ఏం చేస్తుందో తెలుసా? సున్నం కొట్టేవాళ్ళు చేసే పనే. గోడలకి కొత్త సున్నం వేసి, పాత సామానంతా మూట కట్టి అటకెక్కిస్తుంది. వీడియోలన్నీ అటక మీదే ఉన్నాయి, ఒక్కటీ చెక్కు చెదరలేదు."

"అంటే అటకెక్కి చెరిపేస్తే పోయేదానికి గుండు దెబ్బ తింది పాపం," అంది పిన్ని, చల్లబడ్డ ఆ ఇనప పెట్టెని వేలితో నిమిరి. "అటకెక్కి చూద్దాం పద తల్లీ."

తెర మీద మేడ పైగది కనిపించింది. పక్కపక్కన రెండు మోటార్లు. మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని పానా తిప్పుతున్నాడు. మొదటిది బిగించాడు. రెండోది బిగించాడు. ఒక్కోదాని మీద అరచెయ్యి ఆనించి, నిద్రపోయే పసిపిల్ల వీపు మీద పెట్టినట్టు పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. లేచి, దీపం ఆర్పి వెళ్ళిపోయాడు.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "చూశారా పిన్నిగారూ! చెప్పానా లేదా? చూశారా డాక్టరమ్మా మా వాడి చెయ్యి!"

"చూశానమ్మా," అంది డాక్టరమ్మ. ఇతరులని మెచ్చుకోవడం ఆమెకి అంతగా అలవాటు లేదు. అయినా అంది, "నేనూ సూది బిగించాక అలాగే చూసుకుంటాను. కళ్ళు మాత్రం మూసుకోను." అని మళ్ళీ తెర వైపు తిరిగింది. "ఇది అయ్యాక ఇంకో ముక్కుంది. చివర్న వచ్చిన మొండిముక్క. నేనూ ఇంకా చూడలేదు."

తెర కాసేపు నల్లగా ఉంది. తర్వాత పైగదిలో దీపం వెలిగింది. చేతికి గళ్ళ రుమాలు చుట్టుకుని మేనేజరు లోపలికొచ్చాడు. రుమాలు చుట్టిన చేత్తోనే పానా పట్టుకుని మొదటి మోటారు దగ్గర వంగాడు. తిప్పాడు. బోల్టు ఊపి చూసుకున్నాడు.

"దొరికాడు దొంగ!" అని పిన్ని అరచేతులు చరిచింది. అక్క రెండు చేతులూ జోడించి డాక్టరమ్మ వైపు తిరగబోయింది.

"ఉండండి," అంది డాక్టరమ్మ. ఆమె గొంతు మారింది. "ఈయనింకా వెళ్ళట్లేదు."

తెర మీద మేనేజరు నడుము నిమురుకుని లేచాడు. వాచ్‌మన్ రేపు ఏ లిఫ్టు ఎక్కుతాడో ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది? అటూ ఇటూ చూసి, రెండడుగులు పక్కకి వేసి, రెండో మోటారు దగ్గర వంగాడు.

పిన్నికి చరిచిన చేతులు చరిచినట్టే గాల్లో ఉండిపోయాయి. ఇందాక తను వినకుండా వదిలేసిన గొంతు ఇప్పుడు చెవిలో ఖంగున మోగింది. *నేను ఫోన్ చేసి పిలుస్తాలెండి మేస్త్రీని.* ఆ లెండి దగ్గర ఎంత సన్నబడిందో!

"అమ్మాయ్, మీ తమ్ముడు ఎక్కడున్నాడు?"

"ఇప్పుడే ఫోన్ చేశాడండీ. కోటాయన పిలిపించాట్ట, రెండో లిఫ్టు బ్రేకు చూపించమని. ఇన్నాళ్ళకి వాడి గొంతులో ప్రాణం..." చెప్తూ చెప్తూ ఆమె తెర వైపు చూసింది. 

పిన్ని వేళ్ళు ఒకటికి రెండుసార్లు తప్పు మీటలు నొక్కాయి. మూడోసారికి కోటు పలికాడు. వెనక లోహం తలుపులు ఊగుతున్న చప్పుడు.

"చెప్పండి పిన్నిగారూ! మీ పందెం దగ్గరే ఉన్నాను. మెట్లెక్కి పోదామంటే మీ మేస్త్రీ వింటేగా! నేను బిగించిన బ్రేకు సార్, నమ్మకపోతే మీరూ నాతో ఎక్కండి అన్నాడు. చెయ్యి మీద నమ్మకమంటే అదండీ! ముచ్చటేసింది. రిపోర్టు సగం అక్కడే చింపేశాను అనుకోండి. నా మోకాలికీ సుఖం. మేనేజరుగారే దగ్గరుండి తలుపు తీసిపెట్టారు."

"దిగండి! కోటుబాబూ, ఇద్దరూ ముందు దిగండి!"

"ఏమిటి పిన్నిగారూ," అన్నాడు కోటు నవ్వుతూ, "ఇవాళ మీ గొంతు సన్నబడిందేం?"

తలుపు మూసుకున్న చప్పుడయింది. ఆ చప్పుడు వెనకాల, అక్క చెవిన కూడా పడేంత స్పష్టంగా, మేస్త్రీ గొంతు నిబ్బరంగా వినిపించింది.

"ఆరు నొక్కండి సార్. ఏం కాదు."

ఫోన్ మూగబోయింది.